బొటనవేలు పడనియ్యి

జూన్ 22

మణుగూరు వచ్చేసిన. అమ్మీకి మోకాలు ఆపరేషన్ అయ్యింది, ఇంట్ల చూసుకునేటోళ్లు కావాలె, అందుకని వచ్చిన. వేరే కారణమేం లేదు.

బస్సుల బేస్ గిటార్‌ను ఒళ్లె పెట్టుకొని కూసున్న. కండక్టర్ "ఏందమ్మా గది, పడవ తెడ్డా?" అన్నడు. కొత్తగూడెం దాటినంక అడవి మొదలైంది, వాన మొదలైంది, నాకు నిద్ర మొదలైంది.

చేరిన అని ఆసిమ్‌కు మెసేజ్ పెట్టలేదు. పెట్టను.

జూన్ 23

పెట్టిన. "ఓకే" అన్నడు.

జూన్ 25

ఒక్కసారి రాసి పడేస్త. మళ్ల దీని గురించి రాయను.

మా బ్యాండ్ పేరు మూడో అంతస్తు. హైదరాబాద్‌ల ఆసిమ్ వాళ్ల మూడో అంతస్తు గదిల మొదలుపెట్టినం, అందుకే ఆ పేరు. ఆసిమ్ గిటార్ వాయిస్తడు, పాడుతడు. మెహర్ డ్రమ్స్. నేను బేస్. కాలేజీకెల్లి ముగ్గురమే. మొన్న ఆసిమ్ కొత్త పాటలు కట్టిండు, అన్నీ ఎగిరి దుంకే పాటలు. వాటికి బేస్ స్లాప్‌ల, అంటే తీగలను బొటనవేలితోని కొట్టుకుంట, వాయించాలె. నాకు స్లాప్ రాదు. నేను వేళ్లతోని నిమ్మళంగ మీటుత, గంతే వచ్చు.

"నజియా, నీ చెయ్యి మస్తు మెత్తన. ఈ పాటలకు మెత్తన పనికిరాదు. డిసెంబర్ షోకు వేరేటాయనను మాట్లాడినం. నువ్వు జర రెస్ట్ తీసుకో" అన్నడు ఆసిమ్. మెహర్ నేల దిక్కు చూసింది.

డిసెంబర్ షో ఎక్కడనో కాదు, ఖమ్మంల. అబ్బా అప్పుడే బజారంత చెప్పిండు, నా బిడ్డ ఖమ్మంల స్టేజీ ఎక్కుతదని. దుకాణంల పరుపు కొననీకి వచ్చినోళ్లకు గూడ చెప్తుండు. ఈ రెస్ట్ ముచ్చట నేను చెప్పలే.

రెస్టే తీసుకుంటున్న. మంచిగనే ఉంది.

జూన్ 29

అమ్మీ వాకర్ పట్టుకొని పక్కింటిదాక పోయి, ముచ్చట పెట్టి, వాళ్లింట్ల చాయ్ తాగి వచ్చింది. ఆమె మోకాలు నాకన్న మంచిగ పనిచేస్తుంది. ఇంక నువ్వెందుకున్నవ్ అని అడుగుతదేమోనని భయమేసింది. అడగలే. "దోసకాయ పప్పు తింటవా?" అని అడిగింది.

తిన్న.

జూలై 3

ఇయ్యాల ఇంట్ల స్లాప్ మొదలుపెట్టిన. ఎవరికోసం కాదు. ఊరికెనే.

బొటనవేలి పక్క బొక్కతోని లావు తీగను కొట్టాలె. చూపుడువేలు సన్న తీగ కింద పెట్టి లాగి వదలాలె, దాన్ని పాప్ అంటరు. టక్, టప్. చూసేటానికి గంతే. అమ్మీ వంటింట్లకెల్లి "ఎవరో తలుపు కొడుతుండ్రు, చూడు" అన్నది. చూసిన, ఎవరు లేరు. మళ్ల వాయించిన. "తలుపు!" అన్నది. ఇంకోసారికి ఆమెనే వాకర్ వేసుకొని పోయి తలుపు తీసి, ఖాళీ గల్లీని తిట్టి వచ్చింది.

సంగతి తెల్సినంక అబ్బా నవ్వి నవ్వి దగ్గిండు. అబ్బాకు సంగీతం గురించి ఏం తెల్వదు. కానీ దాని మీద మస్తు అభిప్రాయాలున్నయ్. "బేటా, గోదాంల వాయించుకో. పరుపులు చప్పుడును మింగుతయ్. లోపట ఏనుగు అరిచినా బయటికి రాదు" అన్నడు.

నిజమే. దుకాణం వెనక గోదాంల చుట్టిపెట్టిన పరుపులు కప్పు దాక ఉన్నయ్. బూరుగు దూది మూటలు గోడల పొంటి ఉన్నయ్. హైదరాబాద్‌ల మేము కిరాయికి తీసుకున్న స్టూడియో దీని ముందల ఎందుకూ పనికిరాదు. ఒక్కటే ఇబ్బంది, జంపక్క. అడవి దిక్కు పల్లెలకెల్లి ఆటోల వచ్చి ఇక్కడ కూసొని బొంతలు కుడుతది, నా చిన్నప్పటికెల్లి కుడుతుంది. నేను కాసేపు వాయించంగనే సూది ఆపి అడిగింది.

"ఇది పాటనా బిడ్డా?"

"ఇంక కాలే జంపక్కా."

"అయినప్పుడు చెప్పు" అని మళ్ల కుట్టుకున్నది.

జూలై 7

బొటనవేలికి బొబ్బ. అన్నం కలపనీకి రాలే. కాలిందని అమ్మీ వేలికి గోరింటాకు నూరి పెట్టింది. ఒక్క వేలికే. చెయ్యి చూస్తే పెళ్లికి సగం ఒప్పుకున్నట్టుంది.

జూలై 8

స్లాప్ నాకు రాదు. వచ్చే చెయ్యి వేరే ఉంటది. ఆసిమ్ అన్నది నిజమే కావచ్చు.

జూలై 9

ఇన్‌స్టాల ఒక పేజీ దొరికింది. పేరు 'బొటనవేలు'. మొహం లేదు, ఉత్త చేతులే. నల్లటి చేతులు, మణికట్టుకు ఎర్రదారం. ఆ బొటనవేలు తీగ మీద వడగండ్లు పడ్డట్టు పడుతుంది. కింద 'స్లాప్ మన భాషల నేర్పబడును' అని రాసి ఉంది. నేను వేళ్లతోని వాయించిన పాత ముక్క ఒకటి పంపి, నేర్పుతరా అని అడిగిన. పేరు నజ్జు అని పెట్టిన, ఇంట్ల పిలిచేదే కద.

జూలై 10

జవాబు ఫోన్ల వచ్చింది. పెద్దమనిషి గొంతు, మన దిక్కు యాస.

"చెల్లె, నా పేరు లచ్చిరాం. మాది తిరుమలాయపాలెం అవతల తండా, ఉండుడు హైదరాబాద్‌ల. నువ్వు పంపింది విన్న. ఫీజు గీజు వద్దు. నేను నీకు స్లాప్ నేర్పుత, నువ్వు నాకు ఆ మెత్తదనం నేర్పు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలల్ల వాయించి వాయించి నా చెయ్యి సుత్తె అయ్యింది. ఒక్క స్వరం గూడ నా దగ్గర నిలువది."

మెత్తదనం కావాలెనట. నా మెత్తదనం ఒకరికి కావాలెనట! గోదాం అంత ఒక చక్కర్ కొట్టి వచ్చిన. జంపక్క "ఏందీ, పాట అయిపోయిందా?" అన్నది.

జూలై 13

మొదటి క్లాసు. ఫోన్‌ను దూదిమూటకు ఆనిచ్చి, చేతులే కనవడేటట్టు పెట్టిన. నెత్తినిండ దూది ఉంది మరి. ఆయన గూడ చేతులే చూపించిండు.

"ఏదీ, వాయించు."

వాయించిన.

"ఎవరి మీద కోపం చెల్లె?"

"ఎవరి మీద లేదన్నా."

"మరి తీగను గట్లెందుకు కొడుతున్నవ్? కొట్టకు. బొటనవేలు పడనియ్యి. పడ్డది పడ్డట్టే లేస్తది. తాళంచెవి తిప్పుతం చూడు, గట్ల ముంజెయ్యి తిరగాలె. వేలు ఏం చెయ్యొద్దు, ఉత్తగ వెంబడి పోవాలె."

తాళంచెవి తిప్పిన. తిప్పిన. తిప్పిన. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తీగ గంట లెక్క మోగింది. జంపక్క సూది ఆపి ఇటు చూసింది.

జూలై 19

గోదావరి పెరిగిందని భద్రాచలం దిక్కు బస్సులు బంద్. నెట్ లేదు, క్లాసు లేదు. జంపక్క ఊరిముందల వాగు పొంగి ఆమె రెండురోజులు రాలే. ఒక్కదాన్నే మూగ దెబ్బలు సాధన చేసిన. ఎడమ చెయ్యి తీగను ముట్టుకొని ఉంటే స్వరం రాదు, ఉత్త టక్కుమంటది. ఆ ఉత్త టక్కులే పాటను నడిపిస్తయని లచ్చిరామన్న చెప్పిండు. చెప్పింది నిజం. వానకు, నాకు ఒకటే లయ కుదిరింది.

జూలై 24

జంపక్క కుట్టిన కొత్త బొంతల కుట్లు వంకర పోతున్నయని అబ్బా చూపించిండు. ఒకకాడ దగ్గర దగ్గర, ఒకకాడ ఎడం. "అది నా తప్పు కాదు. నజియమ్మ జల్దీ వాయిస్తే నా చెయ్యి జల్దీ పోతుంది, ఆపితే ఆగుతుంది" అన్నది జంపక్క. అబ్బా ఆ బొంతను జూసి జర సేపు ఆలోచించి, "కొత్త డిజైన్" అని దుకాణం ముందల వేలాడదీసిండు.

మస్తు నవ్విన. ఆసిమ్ గురించి ఇయ్యాల ఒక్కసారి గూడ అనుకోలేదు. ఇప్పుడు రాస్తుంటేనే గుర్తుకొచ్చింది.

జూలై 27

క్లాసు అయిపోంగ లచ్చిరామన్న అన్నడు, "శనివారం కుదరది చెల్లె. కొత్త బ్యాండ్‌ల పడ్డ. రిహార్సల్ ఉంది. పేరు మూడో అంతస్తు."

ఈయననే.

జూలై 28

క్లాసు మానెయ్యాల్సిన అవసరమేం లేదు. ఆయన అడగలే, నేను చెప్పలే. దీంట్ల మోసం ఏముంది? నేర్చుకునుడు నేర్చుకునుడే.

ఆయన స్లాప్ ఆయన దగ్గరే నేర్చుకొని డిసెంబర్ వరకు ఆయనకన్న మంచిగ వాయిస్తే ఎట్లుంటది అని ఒక్కసారి అనుకున్న. ఊరికెనే అనుకున్న.

ఆగస్టు 2

ఈ రోజు జరిగింది పూర్తిగ రాయాలె.

లచ్చిరామన్న మొదలుపెట్టకముందే అన్నడు, "చెల్లె, ఇయ్యాల నువ్వు టీచర్‌వి. బ్యాండ్‌ల ఒక నిమ్మళమైన పాట ఉంది, 'వాన వెలిసినంక' అని. ఇంతకుముందు ఒకామె వాయించేదంట. రికార్డింగ్ ఇచ్చిండ్రు. ఏం వాయించింది తల్లీ ఆమె! నేను మాత్రం ఆగమాగం చేస్తున్న. జర విని చెప్పు."

అని నా బేస్ వాయించిండు. నేను కట్టింది. మూడో అంతస్తు కిటికీల కూసొని, బట్టలు ఆరేసిన తీగకెల్లి నీళ్లు కారుతుంటే కట్టింది. ఆయన చేతిల అది గుంతల రోడ్డు మీద ఆటో లెక్క పోతుంది. స్వరం పుట్టంగనే చచ్చిపోతుంది.

"ఎట్ల నిలబెట్టాలె చెల్లె దీన్ని?"

నాకు తెల్సు. వేలు తీగ నడిమిట్ల, బేస్ మెడ దగ్గర మీటాలె, తీగలు కట్టేసి ఉండే బ్రిడ్జి దిక్కు కాదు. ఎడమ చెయ్యి వేలు తర్వాతి స్వరం పుట్టేదాక లేవొద్దు. గంతే. అది ఒక్కటి చెప్తే ఆయనకు అన్నీ వచ్చినట్టే. ఇంక నేను వాళ్లకు దేనికి?

"చెయ్యి బ్రిడ్జి దిక్కు జరుపన్నా. గట్టిగ లాగు" అన్న.

"అట్లనా? సరే చెల్లె" అన్నడు. ఎనుకముందు గూడ ఆలోచించలే.

ఆగస్టు 3

మంచిగనే నిద్రపట్టింది.

ఆగస్టు 4

పట్టలే.

ఆగస్టు 8

క్లాసుల ఆయన వేళ్లకు టేపు చుట్టుకొని ఉన్నడు. "నువ్వు చెప్పినట్టే చేస్తున్న చెల్లె. ఇంక కుదురుతలే. ఆసిమ్ ఒకటే గుర్రుమంటుండు. డ్రమ్స్ కాడ మెహరమ్మ ఏమన్లే, ఆమె ఏమనకపోతేనే భయం." వెనకకెల్లి చిన్నపిల్ల గొంతు, "నాయినా, ఆ పాట వద్దు, ఇందాకటి ఎగిరేది వాయించు." ఆయన బిడ్డ లాలి. "చూసినవా, మా లాలి గూడ వద్దంటుంది" అని నవ్విండు.

ఫోన్ పెట్టేసినంక దూది మూట మీద పండుకొని కప్పు దిక్కు చూసిన. అబ్బా వచ్చి "ఏమైంది బేటా?" అన్నడు. ఏంలేదన్న. "ఏంలేకపోతే మూట మీదికెల్లి లెవ్వు, దూది అణిగిపోతది" అన్నడు. లేసిన.

ఆగస్టు 9

చెప్పేసిన. ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుంట, మొత్తం. నజ్జు అంటే మణుగూరు పరుపుల దుకాణపోళ్ల నజియా అని. ఆ పాట కట్టింది నేనని. బ్రిడ్జి దగ్గర మీటమన్నది తెల్సి తెల్సి చెప్పిన అబద్ధమని. సరైనది ఏందో గూడ చెప్పిన.

ఆయన "సరే" అని పెట్టేసిండు. చెల్లె అనలే.

ఆగస్టు 12

ఫోన్ లేదు.

ఆగస్టు 15

ఫోన్ లేదు. గోదాంకు పోబుద్ధి కాలే. జంపక్కే వచ్చి "ఇయ్యాల చప్పుడు లేకపోతే నాకు కుట్టు సాగుతలేదు" అన్నది. ఆమెకోసం జర సేపు వాయించిన. వేలు పడుతుంది గానీ లేస్తలేదు.

ఆగస్టు 19

ఇయ్యాల జరిగిందాన్ని ఏ పేజీకెల్లి మొదలుపెట్టాలె!

పొద్దున దుకాణంల అబ్బా, నేను ఉన్నం. వీపు మీద పెద్ద సంచి వేసుకొని ఒకాయన బస్సు దిగి సీదా దుకాణంలకే వచ్చిండు. బక్కగ, పొడుగ్గ ఉన్నడు, నెరిసిన మీసం. అబ్బా గిరాకీ అనుకున్నడు.

"రాండ్రి సాబ్. సింగిలా, డబులా?"

"డబులే పెద్దాయనా. కానీ పరుపు కాదు" అన్నడాయన. చెయ్యి బల్ల మీద పెట్టిండు. మణికట్టుకు ఎర్రదారం.

"లచ్చిరామన్నా" అన్న.

"నువ్వేనా? ఫోన్ల చేతులే చూసిన. మొహం ఇంత చిన్నపిల్లదని అనుకోలే."

గోదాంల కూసున్నం. అబ్బా చాయ్ తెప్పిచ్చి, తను గూడ మూట మీద కూసున్నడు. పొమ్మని సైగ చేసిన. చూడనట్టే కూసున్నడు. అబ్బా ముందలనే అడగాల్సి వచ్చింది.

"అన్నా, మాఫ్ చెయ్యి. నీకు ఒక్కసారి గూడ అనుమానం రాలేదా?"

"రాలే. నేను నీకు ఒక్కటి గూడ తప్పు చెప్పలే గద. అందుకే రాలే."

నేను మూటల దూది పీకుకుంట కూసున్న.

"కోపమైతే వచ్చింది చెల్లె" అన్నడు. మళ్ల చెల్లె అన్నడు. "తీజ్ పండుగకని తండాకు వచ్చిన. ఆడపిల్లలు మొలకల బుట్టలు నెత్తినెత్తుకొని ఆడుతుంటే, నేను ఒక మూల కూసొని నిన్ను తిట్టుకుంట ఉన్న. అయినంక ఆ రికార్డింగ్ మళ్ల విన్న. గట్ల వాయించేటామెను పక్కకు పెట్టి నన్ను తెచ్చిండ్రే, ఆమెకు ఎట్లుంటది అనుకున్న. నిన్ననే బుట్టలు వాగుల కలిపినం. పొద్దుగాల బస్సెక్కిన."

అబ్బా చాయ్ గ్లాసు కింద పెట్టి నా దిక్కు చూసిండు. "పక్కకు పెట్టిండ్రా?"

అవ్ అన్న. రెండు నెలలు దాచింది ఒక్క ముక్కల అయిపోయింది. అబ్బా నా జుట్టుల దూది ఉంటే ఏరి, ఉఫ్ అని ఊదిండు.

తర్వాత ఇద్దరం బేస్‌లు తీసినం. ముందల నేనే టీచర్‌ను. ఆయన కుడిచెయ్యి పట్టుకొని మెడ దగ్గర పెట్టిన. "మీటినంక వేలు పక్క తీగ మీద పండుకోవాలె. ఎడమ చెయ్యి అస్సలు తొందరపడొద్దు" అన్న. 'వాన వెలిసినంక' మొదలుపెట్టిండు. మూడోసారికి స్వరం నిలిచింది. ఆయన కండ్లు పెద్దగైనయ్. ఆపితే పోతదేమోనని ఆపకుంట వాయిస్తనే ఉన్నడు.

ఆయన వంతు వచ్చినప్పుడు డబుల్ థంబ్ చూపించిండు. స్లాప్‌ల అన్నిటికన్న కష్టమైంది. బొటనవేలు తీగను కొట్టి వెనక్కి రాదు. తీగ దాటి లోపటికి పోయి, కింది తీగ మీద ఆగి, పైకి వచ్చేటప్పుడు మళ్ల అదే తీగను మీటుతది. పోతే ఒక స్వరం, వస్తే ఒక స్వరం. వీడియోలల్ల వందసార్లు చూసిన, వేలు తీగ కింద ఇరుక్కునుడే. ఆయన నా మోచెయ్యి కింద అరచెయ్యి పెట్టి బరువు పట్టుకున్నడు. "ఇప్పుడు నీ చెయ్యి నాది. వదిలెయ్యి. ఇంక వదులు. ఇంక."

వదిలిన. వేలు పోయింది. వచ్చింది. పోయింది, వచ్చింది. నా మెత్తని చెయ్యే!

జంపక్క బొంత పక్కకు పెట్టింది. "ఇది పాట" అన్నది.

ఆగస్టు 20

అబ్బా బజార్ల చెప్పుడు ఆపలే. "డిసెంబర్‌ల కాకపోతే జనవరిల. ఖమ్మంల కాకపోతే ఇంకోకాడ" అని మాత్రం మార్చిండు.

సెప్టెంబర్ 14

డబుల్ థంబ్ మెల్లగ వస్తుంది. జోరు పెంచితే చెదిరిపోతుంది.

సెప్టెంబర్ 30

జోరు పెంచినా చెదురుతలేదు. బొటనవేలు, ఎడమ చెయ్యి, పాప్, మూడు కలిసి ఒక్క దంచుడు. రేపు సద్దుల బతుకమ్మ అని గల్లీల ఆడోళ్ల చప్పట్లు వినవడుతున్నయ్. గోదాం తలుపు తెరిచి ఆ చప్పట్ల మీద వాయించిన. ఒకామె గుమ్మంల నిలబడి "గిదేంది, డప్పా వీణనా?" అన్నది. రెండూ అన్న.

అక్టోబర్ 11

ఆసిమ్ మెసేజ్. "లచ్చిరాం మెహర్‌తోని అన్నడంట, మెహర్ నాకు చెప్పింది. నువ్వు స్లాప్ మస్తు వాయిస్తున్నవంట. వచ్చేయ్. నువ్వొక్కదానివి ఉంటే రెండు రకాల పాటలు అయిపోతయ్. లచ్చిరాంకు నేను చెప్పుకుంట."

జూన్‌కెల్లి ఎదురుచూసిన మెసేజ్ ఇదే. ఎదురుచూస్తున్నట్టు ఇప్పుడే తెల్సింది.

అక్టోబర్ 12

ఆలోచిస్తలేను.

అక్టోబర్ 13

అదే ఆలోచిస్తున్న. లచ్చిరామన్నకు ఫోన్ చేసి మెసేజ్ మొత్తం చదివి వినిపించిన.

"పో చెల్లె. అది నీ సీటే. నాకు పెళ్లిళ్లు ఉన్నయ్" అన్నడు.

"నీకు బాధ లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. ఆ నిమ్మళం పాట ఇప్పుడిప్పుడే నా చేతికి వస్తుంది. స్టేజీ మీద ఒక్కసారన్న వాయిద్దామనుకున్న." జర ఆగి, "అయినా పో" అన్నడు.

పోత. కానీ ఉత్త చేతులతోని కాదు. ఆయనను నేను పోయే రోజు రిహార్సల్‌కు కచ్చితంగ రమ్మన్న. ఎందుకన్నడు. రమ్మన్న కాబట్టి అన్న.

అక్టోబర్ 19

హైదరాబాద్. మూడో అంతస్తు. అదే కిటికీ.

ముందల ఆసిమ్ కొత్త పాట వాయించిన. నాకు నేనే రాసుకుంటున్న కాబట్టి సిగ్గు లేకుంట రాస్త: దంచిన. మెహర్ డ్రమ్స్ కాడ లేసి నిలబడి వాయించింది. అయిపోయినంక ఆసిమ్ గిటార్ పక్కకు పెట్టిండు. "నీ చెయ్యి మెత్తన అన్న కద."

"అన్నవ్."

"మాఫీ."

"చెయ్యి ఇంక మెత్తగనే ఉంది. మెత్తగ ఉన్నందుకే వచ్చింది ఇది" అన్న. "ఇంకో మాట. లచ్చిరామన్న పోతే నేను గూడ పోత. ఇద్దరం ఉంటం."

ఆసిమ్ నవ్విండు. నేను నవ్వకపోయేసరికి ఆపిండు. "రెండు బేస్‌లా? ఎక్కడన్న ఉంటదా నజియా? లావు స్వరాలు ఒకదాంట్ల ఒకటి కలిసి బురద అయితది."

లచ్చిరామన్న అప్పటికే తలుపు కాడ సంచి సర్దుకుంటుండు. "వద్దులే చెల్లె, లొల్లెందుకు" అంటుండు.

మెహర్ నేల దిక్కు చూడలే ఈసారి. "ఉంటదా లేదా వాయిస్తే తెలుస్తది. 'వాన వెలిసినంక'. మొదలుపెడుతున్న" అని కర్రలు కొట్టింది.

మొదటిసారి ఉత్త బురదే. ఆసిమ్ 'చెప్పిన కద' అన్నట్టు చూసిండు. రెండోసారి ఇంక బురద. అప్పుడు నాకు వెలిగింది. ఇద్దరం కిందనే ఉన్నం, నా పాట కద అని నేను నా జాగ వదుల్తలేను. మూడోసారి వదిలిన. కింది స్వరాలు మొత్తం లచ్చిరామన్నకు ఇచ్చి, నేను మెడ చివరన సన్న స్వరాల మీదికి పోయి, మెల్లగ, చినుకులంత మెల్లగ స్లాప్ వాయించిన. కింద ఆయన స్వరం నిలబడింది. దాని మీద నాది పడింది.

ఆసిమ్ పాడుడు మర్చిపోయిండు. మొదటి చరణం అట్లనే పోయింది.

"మళ్ల వాయించుండ్రి" అన్నడు. అంతే అన్నడు. ఆసిమ్ అంతకన్న ఎక్కువ ఎప్పుడు అనడు.

అక్టోబర్ 20

అబ్బాకు ఫోన్ చేసి చెప్పిన. "డిసెంబరే" అన్న. అటు చప్పుడు లేదు. "అబ్బా?" అన్న. ఆయన అప్పటికే ఫోన్ బల్ల మీద పెట్టి బజార్లకు ఉరికిండంట. అమ్మీ ఫోన్ ఎత్తి చెప్పింది.

నవంబర్ 23

రిహార్సల్స్. రాయనీకి తీరుతలేదు. లాలికి ఇప్పుడు నిమ్మళం పాట గూడ ఇష్టమంట.

డిసెంబర్ 14

నిన్న షో అయ్యింది. ఖమ్మం, కాలేజీ గ్రౌండ్, సాయంత్రం. మణుగూరుకెల్లి అబ్బా ఒక తుఫాన్ బండి నింపుకొని వచ్చిండు. ముందు వరుసల అమ్మీ, జంపక్క, జంపక్క పెనిమిటి దూలయ్య, బజార్ల సగం మంది. అవతల దిక్కు లచ్చిరామన్న తండావాళ్లు. జంపక్క ఇంటి భాష లచ్చిరామన్న తల్లికి రాదు, ఆమె తండా భాష జంపక్కకు రాదు, ఇద్దరు తెలుగుల మస్తు ముచ్చట్లు పెట్టుకున్నరు.

ఎగిరే పాటలన్నీ మంచిగ పోయినయ్. చివరికి 'వాన వెలిసినంక'. రెండో చరణంల జోష్ మీద ఒక పాప్ గట్టిగ లాగిన, నా సన్న తీగ ఫట్టుమని తెగి చెంపకు కొట్టింది. మూడు తీగలు ఇంక ఉన్నయ్. వాయించొచ్చు. లచ్చిరామన్న నా దిక్కు చూసిండు. భయం లేదు ఆ మొహంల. చూసుకుంట అన్నట్టు తల ఊపి, కింది స్వరాలు వదలకుంటనే నా చినుకులు గూడ బొటనవేలితోని అక్కడక్కడ వేసుకుంట పోయిండు.

నేను చేతులు వదిలేసిన. స్టేజీ నడిమిట్ల, తెగిన తీగ వేలాడుతుంటే, ఉత్తగ నిలబడ్డ. ఆ పాటను నేను ఎన్నిసార్లు వాయించిన్నో లెక్క లేదు. వినుడు మాత్రం నిన్ననే మొదటిసారి. గింత మంచిగుంటదని నాకు ఎవరు చెప్పలే. మెహర్ నవ్వుకుంట వాయిస్తుంది. ఆసిమ్ కండ్లు మూసుకొని పాడుతుండు. కింద జనం చప్పుడు చేస్తలేరు. చెంప మండుతుంది, నవ్వు ఆగుతలేదు, ముక్కు కారుతుంది, తుడుచుకోనీకి గూడ చెయ్యి లేపబుద్ధి కాలే.

అయిపోయినంక స్టేజీ దిగంగనే అబ్బా జనాన్ని తోసుకుంట వచ్చిండు. నా చెంప మీది ఎర్రగీత చూడలే. రెండు చేతులు పట్టుకున్నడు.

"బేటా! ఆ తీగ ఫట్టుమని తెగ్గొట్టుడు, తెగ్గొట్టి అట్ల నిలబడుడు! అన్నిటికన్న అదే మస్తుంది. ప్రతి షోల చెయ్యి."

"చేస్త అబ్బా" అన్న.